అమెరికాలో టోకు అమ్మకానికి పన్ను లేదు. సర్టిఫికెట్టు లేకుంటే ఉంది

కొండపల్లి బొమ్మలు, పెంబర్తి ఇత్తడి సామాను, స్టీలు పాత్రలు వంటి సరుకును అమెరికాలో ఆన్‌లైన్‌లో అమ్ముకునే చిన్న వర్తకులకు చిల్లర ఆర్డర్లతో పాటు అప్పుడప్పుడు టోకు ఆర్డర్లు కూడా తగులుతుంటాయి. ఆర్డరిచ్చేది సాధారణంగా ఏదో ఒక పట్టణంలోని ఇండియన్ స్టోరు. ధర కుదిరిన తరువాత ఆ స్టోరువారు అడిగేది ఒకటే. తాము సరుకును తిరిగి అమ్ముకునేవారు కనుక బిల్లులో అమ్మకపు పన్ను వేయవద్దంటారు.

ఈ కోరిక చట్టసమ్మతమే. అమ్మకపు పన్ను ఉన్న రాష్ట్రాలలో దాదాపు అన్నింటా, తిరిగి అమ్మడానికి కొనే సరుకుపై పన్ను ఉండదు. అయితే ఈ మినహాయింపు నోటిమాటతో వచ్చేది కాదు. కొనుగోలుదారు సంతకం చేసి ఇచ్చిన రీసేల్ సర్టిఫికెట్టు అమ్మకందారు దస్త్రంలో ఉంటేనే ఆ అమ్మకం టోకు అమ్మకంగా చెల్లుబాటవుతుంది. సర్టిఫికెట్టు లేనట్లయితే పన్నుల శాఖ దానిని చిల్లర అమ్మకం కిందనే లెక్కగట్టి, పన్నును అమ్మకందారు నుంచి రాబడుతుంది. ఆపాటికి కొనుగోలుదారు కొట్టు ఎత్తివేసి ఉన్నా శాఖ ఆ సంగతి పట్టించుకోదు.

లాభం ఎంత మిగులుతుంది?

ఒక లెక్క చూస్తే దీని తీవ్రత బోధపడుతుంది. టెక్సాస్‌లో రాష్ట్రపు అమ్మకపు పన్ను 6.25 శాతం. దానిపై నగరాలు, ఇతర స్థానిక సంస్థలు 2 శాతం వరకు కలుపుకోవచ్చు. తెలుగువారు ఎక్కువగా ఉన్న డాలస్ శివార్లు ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోలలో మొత్తం 8.25 శాతం పడుతుంది. ఒక చిన్న వర్తకుడు అక్కడి స్టోరుకు 6,000 డాలర్ల ఇత్తడి దీపాలను టోకున అమ్మాడనుకుందాం. టోకు బేరంలో అతని లాభం 12 శాతం, అనగా 720 డాలర్లు. సర్టిఫికెట్టు తీసుకోకుండానే పన్ను వదిలివేశాడు. తరువాత తనిఖీలో ఈ బిల్లు దొరికితే పన్ను 495 డాలర్లు. గడువు దాటి 30 రోజులు మించినందుకు 10 శాతం అపరాధ రుసుము 49 డాలర్ల 50 సెంట్లు. రెండూ పోగా చేతికి మిగిలేది 175 డాలర్ల 50 సెంట్లు. వడ్డీ దీనికి అదనం.

నష్టం ఆ ఒక్క బిల్లుతో ఆగకపోవచ్చు. పెద్ద రాష్ట్రాలలో తనిఖీ అధికారులు బిల్లులన్నీ చూడకుండా నమూనా పద్ధతిని అనుసరించడం పరిపాటి. కొన్ని నెలల బిల్లులు తీసి, మినహాయింపు ఇచ్చిన వాటిలో ఎన్నింటికి సర్టిఫికెట్టు లేదో చూస్తారు. ఆ నిష్పత్తిని తనిఖీ కాలం మొత్తానికీ వర్తింపజేస్తారు. నమూనాలో లోపం కనిపిస్తే, ఆ లోపం మూడు నాలుగేళ్ళ అమ్మకాలన్నింటికీ పాకుతుంది. ఒకరిద్దరు సహాయకులతో నడిచే వ్యాపారానికి ఇది పెట్టుబడినే కదిలించగల దెబ్బ.

జీఎస్టీకీ దీనికీ తేడా

మన దేశంలో 2017 జూలై 1 నుంచి అమలులో ఉన్న జీఎస్టీ ప్రతి చేతిమార్పులోనూ పడుతుంది. టోకు కొనుగోలుదారు పన్ను చెల్లించి, దానిని ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌గా తన ఖాతాలో జమ కట్టుకుంటాడు. తిరిగి అమ్ముకుంటాడన్న కారణంతో అతనికి పన్ను మాఫీ లేదు. అమెరికా రాష్ట్రాల అమ్మకపు పన్నులో ఈ జమ పద్ధతి లేదు. సరుకు చివరి వినియోగదారు చేతికి చేరినప్పుడు ఒక్కసారే పన్ను పడాలన్నది అక్కడి ఏర్పాటు. మధ్యలో పన్ను పడితే చివర మళ్ళీ పడి రెండింతలవుతుంది కనుక మధ్య అమ్మకాలను మినహాయించారు. మధ్య అమ్మకమేదో, చివరి అమ్మకమేదో తేల్చే ఆధారమే రీసేల్ సర్టిఫికెట్టు.

సీ ఫారాల కాలం చూసిన వర్తకులకు ఈ పద్ధతి కొత్తగా తోచదు. 1956 కేంద్ర అమ్మకపు పన్ను చట్టం కింద పొరుగు రాష్ట్రపు రిజిస్టర్డు డీలరుకు సరుకు అమ్మి సీ ఫారం తెచ్చుకుంటే 1975 జూలై నుంచి 2007 మార్చి వరకు పన్ను 4 శాతం. ఫారం రాకపోతే, ప్రకటిత సరుకులు కానివాటిపై 10 శాతం గాని స్థానిక రేటు గాని, ఏది ఎక్కువైతే అది పడేది. సరుకు అమ్మి, డబ్బు చేతికి వచ్చిన తరువాత కూడా ఫారం కోసం బేరగాని చుట్టూ తిరిగిన అనుభవం పాత చిట్టాలు ఉన్న కొట్లన్నింటికీ ఉన్నదే.

అయితే ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. సీ ఫారాన్ని పన్నుల శాఖే నంబరు వేసి డీలరుకు ఇచ్చేది. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలలో రీసేల్ సర్టిఫికెట్టు శాఖ ఇచ్చే పత్రం కాదు. ఖాళీ నమూనాను ఎవరైనా శాఖ వెబ్‌సైటు నుంచి దించుకోవచ్చు. కొనుగోలుదారు తానే నింపి, తానే సంతకం చేసి అమ్మకందారుకు ఇస్తాడు. శాఖకు పంపనక్కరలేదు. అందువలన కాగితాన్ని పరిశీలించే పని అమ్మకందారు మీదనే పడుతుంది.

పన్ను బాధ్యత ఎప్పుడు మొదలవుతుంది?

అమెరికాలో జాతీయ స్థాయిలో అమ్మకపు పన్ను లేదు. 45 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ ఈ పన్ను విధిస్తున్నాయి. అలాస్కా, డెలావేర్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, ఒరెగాన్‌లలో రాష్ట్రస్థాయి అమ్మకపు పన్ను లేదు. అలాస్కాలో కొన్ని స్థానిక సంస్థలు మాత్రం వసూలు చేస్తాయి.

ఒక రాష్ట్రంలో కొట్టు గాని, సిబ్బంది గాని, గిడ్డంగి గాని ఉన్న వర్తకుడు అక్కడ మొదటి డాలరు నుంచే పన్ను వసూలు చేయాలి. తన పేర సరుకు ఇతరుల గిడ్డంగిలో నిల్వ ఉన్నా చాలా రాష్ట్రాలు దానిని స్థానిక ఉనికిగానే లెక్కిస్తాయి. ఇంటి నుంచే ఆన్‌లైన్ వ్యాపారం చేసే వర్తకునికి తాను నివసించే రాష్ట్రంలో ఈ బాధ్యత తప్పదు.

బయటి రాష్ట్రాలకు పంపే సరుకు విషయంలో 2018 జూన్ 21 దాకా పరిస్థితి వేరు. 1992 నాటి క్విల్ కేసు తీర్పు ప్రకారం తన గడ్డపై ఉనికి లేని వర్తకుని చేత ఏ రాష్ట్రమూ పన్ను వసూలు చేయించలేకపోయేది. సౌత్ డకోటా రాష్ట్రానికీ వేఫేర్ కంపెనీకీ మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఆ తీర్పును తోసిపుచ్చింది. దానితో రాష్ట్రాలు ఏడాది అమ్మకాల పరిమితులు పెట్టి బయటి వర్తకులపై కూడా బాధ్యత మోపాయి. అన్నింటికన్నా ఆలస్యంగా మిస్సోరి 2023 జనవరి 1 నుంచి అమలు చేసింది.

పరిమితి అన్నిచోట్లా ఒకటి కాదు. సౌత్ డకోటా, ఫ్లోరిడాలలో లక్ష డాలర్లు. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో 5 లక్షల డాలర్లు. న్యూయార్కులో 5 లక్షల డాలర్లతో పాటు 100 అమ్మకాలు కూడా మించాలి.

టోకు అమ్మకందారు ఇక్కడ మరొక అంశం గమనించాలి. పన్ను పడని టోకు అమ్మకాలను కూడా కొన్ని రాష్ట్రాలు పరిమితి లెక్కలో కలుపుతాయి. టెక్సాస్, కాలిఫోర్నియా ఆ కోవకు చెందినవి. ఫ్లోరిడా పన్ను పడే అమ్మకాలనే లెక్కిస్తుంది. కనుక కాలిఫోర్నియాకు 4,60,000 డాలర్ల టోకు సరుకు, 50,000 డాలర్ల చిల్లర సరుకు పంపిన వర్తకుడు పరిమితి దాటినట్లే. ఆ చిల్లర అమ్మకాలపై అతడు పన్ను వసూలు చేయవలసిన స్థితి వస్తుంది. టోకుకు పన్ను లేదు కదా అని ఆ మొత్తాన్ని లెక్కలోంచి తీసివేసినవారు ఇక్కడే పొరబడతారు.

ఏ రాష్ట్రానికి ఏ పత్రం?

సరుకు ఏ రాష్ట్రంలో చేతికి అందుతుందో ఆ రాష్ట్రపు నియమాలు చూడడం మొదటి సూత్రం. కాలిఫోర్నియాలో సీడీటీఎఫ్‌ఏ-230, టెక్సాస్‌లో 01-339, న్యూయార్కులో ఎస్‌టీ-120, న్యూజెర్సీలో ఎస్‌టీ-3 ప్రధానమైన నమూనాలు. ఫ్లోరిడా పద్ధతి వీటికి భిన్నం. అక్కడ రిజిస్టరయిన డీలర్లకు రాష్ట్ర రెవెన్యూ శాఖే ఏటేటా రీసేల్ సర్టిఫికెట్టు జారీ చేస్తుంది. డిసెంబరు 31తో దాని గడువు తీరుతుంది. నిరుటి సర్టిఫికెట్టు పెట్టుకుని ఈ ఏడాది పన్ను లేకుండా అమ్మితే అది సాధారణంగా చెల్లదు. ఫ్లోరిడా ఖాతాదారులున్నవారు ప్రతి జనవరిలో కొత్త ప్రతి అడిగి తెచ్చుకోవడం మేలు.

అనేక రాష్ట్రాలకు ఒకే పత్రం పనికివచ్చే ఏర్పాట్లు రెండు ఉన్నాయి. మల్టీస్టేట్ టాక్స్ కమిషన్ తయారు చేసిన ఉమ్మడి సర్టిఫికెట్టును 30కి పైగా రాష్ట్రాలు ఆమోదిస్తాయి. టెక్సాస్, కాలిఫోర్నియా వాటిలో ఉన్నాయి, న్యూయార్కు లేదు. రెండవది స్ట్రీమ్‌లైన్డ్ సేల్స్ టాక్స్ ఒప్పందపు సర్టిఫికెట్టు. ఈ ఒప్పందంలో 24 రాష్ట్రాలున్నాయి. న్యూజెర్సీ, జార్జియా, నార్త్ కరోలినా, ఒహాయో, మిషిగన్, వాషింగ్టన్ రాష్ట్రం వాటిలోనివి. టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూయార్కు, ఫ్లోరిడా చేరలేదు.

సర్టిఫికెట్టు రెండు విధాలుగా ఉండవచ్చు. ఒక్క కొనుగోలుకే వర్తించేది ఒకటి. అదే ఖాతాదారు ఇకముందు కొనే అదే తరహా సరుకుకంతటికీ వర్తించేది మరొకటి. రెండవదానిని బ్లాంకెట్ సర్టిఫికెట్టు అంటారు. పండుగల సీజనులో పదేపదే ఆర్డర్లిచ్చే స్టోరు నుంచి బ్లాంకెట్ పత్రమే తీసుకోవడం మేలు. అయితే అందులో పేర్కొన్న సరుకుల వివరణ చూసుకోవాలి. ‘పూజా సామగ్రి’ అని మాత్రమే రాసిన పత్రం మీద స్టీలు గిన్నెలు పన్ను లేకుండా పంపితే తరువాత వివరణ ఇచ్చుకోవలసి వస్తుంది.

పత్రంలో చూడవలసినవి

కొనుగోలుదారు పేరు, చిరునామా, రాష్ట్రంలో అతని అమ్మకపు పన్ను రిజిస్ట్రేషన్ నంబరు, వ్యాపార స్వభావం, కొనే సరుకు వివరణ, తిరిగి అమ్మకానికే కొంటున్నామన్న ప్రకటన, తేదీ, సంతకం. వీటిలో ఒకటి ఖాళీగా ఉన్నా ఆ పత్రం నిలవకపోవచ్చు.

నంబరు విషయంలో రెండు పొరపాట్లు తరచు ఎదురవుతాయి. కొందరు కొనుగోలుదారులు ఫెడరల్ ఆదాయపు పన్ను వ్యవహారాలకు ఇచ్చే ఈఐఎన్ నంబరు రాసి పంపుతారు. అది రాష్ట్రపు అమ్మకపు పన్ను నంబరుకు బదులు కాదు. మరికొందరు తమ అమ్మకపు పన్ను పర్మిట్టు ఫోటో తీసి పంపి ఇదే సర్టిఫికెట్టు అంటారు. ఆ కొట్టు రిజిస్టరయి ఉన్నదని మాత్రమే పర్మిట్టు చెబుతుంది. ఈ సరుకును తిరిగి అమ్మడానికే కొంటున్నానని అందులో కొనుగోలుదారు ఎక్కడా చెప్పలేదు. పర్మిట్టు ప్రతి సర్టిఫికెట్టుకు ప్రత్యామ్నాయం కాదని టెక్సాస్ నియమం.

నంబరు నిజమైనదో కాదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. టెక్సాస్, కాలిఫోర్నియా, ఫ్లోరిడా పన్నుల శాఖల వెబ్‌సైట్లలో నంబరు ఇచ్చి చూసుకునే సౌకర్యం ఉన్నది. చూసిన రోజు తెరపై వచ్చిన సమాధానాన్ని అచ్చు తీసి సర్టిఫికెట్టుకు జతపరచి ఉంచుకుంటే తనిఖీలో అక్కరకు వస్తుంది.

కాగితం సక్రమంగా ఉన్నంత మాత్రాన అన్ని రాష్ట్రాలలోనూ బాధ్యత తీరదు. టెక్సాస్, కాలిఫోర్నియా వంటి చోట్ల అమ్మకందారు దానిని సద్భావంతో స్వీకరించి ఉండాలి. సరుకుకూ కొనుగోలుదారు వ్యాపారానికీ పొంతన ఉన్నదా అన్నదే ఇందులో గీటురాయి. ఒక ఇండియన్ రెస్టారెంటు 200 స్టీలు పళ్ళేలకు ఆర్డరిచ్చి రీసేల్ సర్టిఫికెట్టు పంపిందనుకుందాం. రెస్టారెంటు అమ్మేది భోజనం. పళ్ళేలు దాని సొంత వాడకానికి. ఆ అమ్మకంపై పన్ను పడుతుంది. అదే కొనుగోలుదారుకు పక్కన పాత్రల దుకాణం కూడా ఉంటే ఆ సంగతి సర్టిఫికెట్టులోని వ్యాపార వివరణలో కనిపించాలి. అనుమానం తోచిన చోట ఒక ప్రశ్న అడిగి, జవాబును ఈమెయిల్‌లో తెప్పించుకోవడం మంచిది.

తెలిసి తప్పుడు పత్రం ఇచ్చిన కొనుగోలుదారుకు శిక్ష ఉన్నది. టెక్సాస్‌లో అది క్రిమినల్ నేరమని సర్టిఫికెట్టు మీదనే అచ్చువేసి ఉంటుంది. పన్ను మొత్తాన్ని బట్టి నేర తీవ్రత పెరుగుతుంది.

గడువు, భద్రపరచడం

సర్టిఫికెట్టు ఎప్పటిలోగా చేతికి రావాలన్నది మరో ప్రశ్న. బిల్లు వేసేనాటికి, కనీసం సరుకు అప్పగించేనాటికి తెచ్చుకోవడం అన్నిచోట్లా క్షేమం. న్యూయార్కులో సరుకు అప్పగించిన 90 రోజుల లోపున అందాలి. స్ట్రీమ్‌లైన్డ్ రాష్ట్రాలలో అమ్మకం జరిగిన 90 రోజుల లోపున పూర్తిగా నింపిన పత్రం తెచ్చుకున్న అమ్మకందారుకు బాధ్యత తీరుతుంది. అది జరగకుంటే, శాఖ అడిగిన తరువాత ఆధారం చూపడానికి 120 రోజుల వ్యవధి ఉన్నది. ఈ వ్యవధిని నమ్ముకోవడం సాహసమే. మూడేళ్ళనాటి ఖాతాదారు అప్పటికి కొట్టు అమ్ముకుని వేరే ఊరు పోయి ఉండవచ్చు.

పత్రాలను భద్రపరచవలసిన కాలం టెక్సాస్‌లో కనీసం నాలుగేళ్ళు, న్యూయార్కులో కనీసం మూడేళ్ళు. బ్లాంకెట్ పత్రమైతే దాని మీద చివరి అమ్మకం జరిగిన నాటి నుంచి లెక్క వేసుకోవాలి. ఖాతాదారు పేర ఒక ఫైలు తెరిచి, సర్టిఫికెట్టు, నంబరు సరిచూసిన ప్రతి, బిల్లులు ఒకే చోట ఉంచడం చిన్న కొట్టుకు సులువైన పద్ధతి.

సరుకు నేరుగా మూడో మనిషికి వెళ్ళినప్పుడు

ఆన్‌లైన్ వ్యాపారంలో స్టోరు ఆర్డరిచ్చి, సరుకును తన ఖాతాదారు ఇంటికే నేరుగా పంపమనడం కద్దు. దీనిని డ్రాప్ షిప్‌మెంట్ అంటారు. ఇందులో రెండు అమ్మకాలున్నాయి. వర్తకుడు స్టోరుకు అమ్మింది టోకు. స్టోరు ఖాతాదారుకు అమ్మింది చిల్లర. సరుకు మాత్రం వర్తకుని నుంచి నేరుగా వినియోగదారునికి చేరుతుంది.

ఈ తరహా బేరంలో ఏ రాష్ట్రపు నంబరు చెల్లుతుందన్నదే చిక్కు. ఉదాహరణకు స్టోరు టెక్సాస్‌లో రిజిస్టరయింది, సరుకు కాలిఫోర్నియాలోని ఇంటికి వెళ్ళింది, స్టోరుకు కాలిఫోర్నియా రిజిస్ట్రేషన్ లేదు. సరుకు పంపిన వర్తకుడు కాలిఫోర్నియాలో రిజిస్టరయి ఉంటే అక్కడి నియమం ప్రకారం అతడినే చిల్లర అమ్మకందారుగా భావించి పన్ను కట్టిస్తారు. చిల్లర ధర తెలియకుంటే తాను స్టోరుకు వేసిన ధరపై 10 శాతం కలిపి లెక్క చూపవచ్చు. టోకు ధరకు సరుకు ఇచ్చి చిల్లర ధరపై పన్ను కట్టవలసి రావడమన్న మాట. డ్రాప్ షిప్‌మెంట్‌కు ఒప్పుకునే ముందు సరుకు చేరే రాష్ట్రంలో ఏ పత్రం చెల్లుతుందో స్టోరువారిని అడిగి తేల్చుకోవాలి.

మార్కెట్‌ప్లేస్‌లో ఒక తీరు, సొంత సైటులో మరో తీరు

అమెజాన్ వంటి పెద్ద మార్కెట్‌ప్లేస్‌ల ద్వారా సాగే అమ్మకాలలో పన్ను వసూలు బాధ్యత ఆ సంస్థలదే. వేఫేర్ తీర్పు తరువాత అమ్మకపు పన్ను ఉన్న రాష్ట్రాలన్నీ ఈ మేరకు చట్టాలు చేశాయి. టోకు కొనుగోలుదారు తన సర్టిఫికెట్టును మార్కెట్‌ప్లేస్‌కే సమర్పించి మినహాయింపు పొందుతాడు. అమెజాన్ ఇందుకు ప్రత్యేకంగా ఒక ఏర్పాటు నడుపుతున్నది. అందువలన మార్కెట్‌ప్లేస్‌లో పన్ను పడిందని, ఆ మొత్తం వాపసు ఇవ్వమని కొనుగోలుదారు అడిగితే చిన్న వర్తకుడు తన జేబు నుంచి ఇవ్వరాదు. వసూలు చేసినవారినే అడగమని చెప్పాలి.

సొంత వెబ్‌సైటు ద్వారా, లేదా ఫోను, వాట్సప్ ఆర్డరు మీద అమ్మినదానికి బాధ్యత పూర్తిగా వర్తకునిదే. ‘నేను టోకు కొనుగోలుదారును’ అన్న గడిలో టిక్కు పెట్టగానే పన్ను తీసివేసేటట్లు వెబ్‌సైటును అమర్చుకోవడం ప్రమాదకరం. టోకు ఖాతా కోసం ముందుగా దరఖాస్తు తీసుకుని, సర్టిఫికెట్టు అందుకుని, నంబరు సరిచూసిన తరువాత వర్తకుడే ఆ ఖాతాకు పన్ను మినహాయింపు గుర్తు పెట్టాలి. ఆ గుర్తు కూడా పత్రం ఉన్న రాష్ట్రానికే పరిమితం కావాలి.

సర్టిఫికెట్టు రాకముందే ఆర్డరు తొందరపడితే పన్ను వేసి బిల్లు చేయడమే నిక్షేపమైన మార్గం. పత్రం వచ్చిన తరువాత పన్ను మొత్తం కొనుగోలుదారుకు తిరిగి ఇచ్చి, తదుపరి రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. వసూలు చేసిన పన్నును కొనుగోలుదారుకు ఇవ్వకుండా తన దగ్గర ఉంచుకోవడం మాత్రం ఏ రాష్ట్రంలోనూ చెల్లదు.

సరుకు మినహాయింపు వేరు, కొనుగోలుదారు మినహాయింపు వేరు

కొన్ని సరుకులపై ఎవరు కొన్నా పన్ను ఉండదు. టెక్సాస్, కాలిఫోర్నియాలలో ఆహార పదార్థాలకు సాధారణంగా పన్ను లేదు కనుక మిరపపొడి, చింతపండు, పచ్చళ్ళు అక్కడ చిల్లరగా అమ్మినా పన్ను పడదు. టెనెసీలో మాత్రం ఆహారంపై 4 శాతం రాష్ట్రపు పన్ను ఉన్నది. స్థానిక పన్ను దానిపై పడుతుంది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలలో సాధారణంగా ధరించే దుస్తులకు పన్ను లేదు, కాలిఫోర్నియాలో ఉన్నది. మంగళగిరి చీర ఎడిసన్‌కు వెళితే ఒక లెక్క, లాస్ ఏంజెలెస్‌కు వెళితే మరొక లెక్క. ఇత్తడి, స్టీలు, బొమ్మల వంటి సరుకుకు ఈ వెసులుబాటు లేదు. ఆహారం, ఇత్తడి కలిపి ఒకే బిల్లులో పంపేవారు వస్తువారీగా పన్ను చూపకపోతే లెక్క చిక్కుపడుతుంది.

ఇక కొందరు కొనుగోలుదారులు తిరిగి అమ్మకపోయినా మినహాయింపు కోరవచ్చు. దేవాలయాలు ఇందుకు ఉదాహరణ. టెక్సాస్‌లో మత సంస్థలు తమ కార్యకలాపాలకు కొనే సరుకుకు పన్ను మినహాయింపు పొందగలవు. ఇచ్చే పత్రం రీసేల్ సర్టిఫికెట్టు కాదు, ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్టు. దానికి నంబరు అక్కరలేదు. అటువంటి నంబర్లు అసలు లేవని నమూనా మీదనే రాసి ఉంటుంది. కాలిఫోర్నియాలో మత సంస్థలకు, ధర్మ సంస్థలకు ఇటువంటి సాధారణ మినహాయింపు లేదు. అక్కడి ఆలయానికి దీపస్తంభాలు అమ్మితే పన్ను వేయవలసిందే. దేవుని సొమ్మని మొగమాటపడితే ఆ పన్ను వర్తకునికే చుట్టుకుంటుంది.

రిటర్నులో చూపించాలి

మినహాయింపు ఇచ్చిన అమ్మకాలను రిటర్నులో చూపకుండా వదిలివేయడం మరో పొరపాటు. మొత్తం అమ్మకాలు ఒక గడిలో చూపి, పన్ను పడేవాటిని వేరుగా చూపాలి. రెండింటికీ మధ్య తేడా సర్టిఫికెట్టు దస్త్రంతో సరిపోవాలి. ఒక త్రైమాసికంలో పన్ను పడే అమ్మకమే లేకపోయినా, రిజిస్టరయిన వర్తకుడు టెక్సాస్‌లో సున్నా రిటర్ను దాఖలు చేయాలి.

ఇక్కడి నుంచి పంపేవారికి

హైదరాబాదు, విజయవాడల నుంచి సొంత సైటు ద్వారా అమెరికా స్టోర్లకు నేరుగా సరుకు పంపేవారు రెండు దేశాల పన్నులను కలగాపులగం చేసుకోకూడదు. ఎగుమతి మన జీఎస్టీలో సున్నా రేటు సరఫరా. ఎల్‌యూటీ దాఖలు చేసినవారు పన్ను కట్టకుండా పంపవచ్చు. అయితే అందువలన అమెరికా రాష్ట్రపు అమ్మకపు పన్ను బాధ్యత పోదు. 1989లో కుదిరిన భారత-అమెరికా ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఆదాయపు పన్నుకు సంబంధించింది. రాష్ట్రాల అమ్మకపు పన్నుకు వర్తించదు. అమ్మకాల పరిమితులు విదేశీ అమ్మకందారులకూ వర్తిస్తాయి. రేవులో కస్టమ్స్ సుంకం కట్టామన్నది కూడా దీనికి సమాధానం కాదు. అది వేరు ఖాతా.

చిల్లర అమ్మకాలు లేకుండా స్టోర్లకు మాత్రమే టోకున పంపే ఎగుమతిదారు కూడా ప్రతి ఖాతాదారు నుంచి రీసేల్ సర్టిఫికెట్టు తీసుకుని దస్త్రంలో ఉంచుకోవడం ఉత్తమం. ధర చెప్పే ఉత్తరంలోనే ‘చెల్లుబాటయ్యే రీసేల్ సర్టిఫికెట్టు అందనిచో వర్తించే అమ్మకపు పన్ను అదనం’ అన్న మాట చేర్చుకుంటే తరువాత వాదన ఉండదు. వ్యాపారం పరిమితుల దరిదాపులకు వచ్చినవారు ఆ రాష్ట్రంలో పనిచేసే అకౌంటెంటును సంప్రదించడం అవసరం.

సర్టిఫికెట్టు అడగడం బేరగానిపై అనుమానం వ్యక్తం చేయడమని కొందరు చిన్న వర్తకులు సంకోచిస్తారు. అమెరికాలో నిలకడగా నడిచే స్టోరుకు ఇది రోజూ ఉండే వ్యవహారమే. తాను సరుకు కొనే ప్రతి టోకు వర్తకునికీ ఆ స్టోరు ఇటువంటి పత్రమే ఇస్తుంది. అడిగిన వెంటనే ఇచ్చే ఖాతాదారుకు ధరలో రాయితీ ఇచ్చినా నష్టం లేదు. రెండుసార్లు అడిగినా పత్రం పంపకుండా పన్ను మాత్రం తీసివేయమనే ఖాతాదారు విషయంలో 6,000 డాలర్ల బిల్లుకు 495 డాలర్లు వర్తకుడు హామీ ఉన్నట్లే లెక్క. ఆ హామీకి లాభం సరిపోతుందా అన్నది సరుకు కట్టించకముందే చూసుకోవలసిన విషయం.